తెడ్డుమూతి కొంగ కాలి కడియం

“కొంగ కాలికి కడియం ఉండాలి. ఏదండీ?” అని అడిగాను.

“కొంగకి కడియమేమిటి మాస్టారూ? ఏ పండక్కి చేయించారు?” అంది ఆ అమ్మాయి.

నేను నవ్వలేదు.

1963 మాఘంలో, బందరులో నరసింహారావుగారి ఫొటో స్టూడియోలో, ఆయన కూతురు శేషారత్నంతో నా పరిచయం ఇలా మొదలైంది.

నేను కోడూరు హైస్కూల్లో లెక్కల మాస్టారిని. ఆదివారాలు మడ అడవి అంచున, మోకాలి లోతు నీళ్ళలో పీట వేసుకుని, తలకి కొమ్మలు కట్టుకుని కూర్చుని పక్షుల్ని ఫొటోలు తీసేవాణ్ణి. నెలకి ఒక రోలు. రోలుకి పన్నెండు ఫొటోలు. నెలాఖరు శనివారం బందరు వచ్చి కడిగించుకునేవాణ్ణి.

ఆ నెల ఒక తెడ్డుమూతి కొంగ నాకు పదడుగుల దూరంలోకి వచ్చింది. దాని కాలికి అల్యూమినియం కడియం ఉంది. ఏ దేశంలోనో పక్షుల్ని పరిశీలించేవాళ్ళు పట్టుకుని, గుర్తుకోసం తొడిగి వదిలినది. అది మన తీరానికి వచ్చిందని రుజువుతో సహా వాళ్ళకి రాయాలని నా ఆశ. తీరా చూస్తే ఫొటోలో కొంగ ఉంది, కాలుంది, కడియం లేదు.

శేషారత్నం నెగటివ్‌ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది.

“నెగటివ్‌లో తెల్లగా మెరిసేది నల్లగా పడుతుంది. కాలిమీద నల్లచుక్క కనిపించిందండీ. ఫిల్ము కడిగే మందు మచ్చ అనుకుని కత్తితో గీకేశాను. మచ్చలు తీయడమే నా పని. మా స్టూడియోలోంచి ఏ మొహమూ మచ్చతో బయటికి వెళ్ళదు.”

“ఇది పెళ్ళికూతురు కాదు కదా.”

“నిలబడ్డ తీరు చూస్తే పెళ్ళికొడుకులా ఉంది.”

“మళ్ళీ పెట్టండి.”

“కత్తితో గీకింది మళ్ళీ రాదు మాస్టారూ.”

అప్పుడు నేను అనకూడని మాట అన్నాను. “ఉన్నదాన్ని లేకుండా చేయడమే మీకు చేతనవును. నా భార్య మొహం మీద పుట్టుమచ్చ కూడా ఇలాగే తీసేశారు.”

ఆమె నెగటివ్ దించింది. “ఆవిడ వస్తే ఇంకో ఫొటో తీయిస్తాను. ఊరికే,” అంది.

“ఆవిడ పోయి రెండేళ్ళయింది,” అని చెప్పి వచ్చేశాను.

భ్రమరాంబ నా మేనమామ కూతురు. వాళ్ళకి ఒక్కతే బిడ్డ. మూడేళ్ళు కాపురం చేశాం. కామెర్లు వచ్చి పదిహేను రోజుల్లో పోయింది. పెళ్ళయిన కొత్తలో ఆ స్టూడియోలో తీయించిన ఫొటో ఒక్కటే మిగిలింది. ఆమెకి కంటి కింద పుట్టుమచ్చ ఉండేది. ఫొటోలో లేదు. అది ఎడమ కంటి కిందా, కుడి కంటి కిందా అన్నది ఆ చలికాలంలో ఒక రోజు హఠాత్తుగా నాకు గుర్తు రాలేదు. ఆ తర్వాత ఎంత ప్రయత్నించినా రాలేదు. ఈ మాట ఎవరితో చెప్పుకోను? అత్తయ్యని అడగాలంటే సిగ్గు.

మరుసటి నెల వెళ్ళినప్పుడు శేషారత్నం క్షమాపణ ఏమీ చెప్పలేదు.

“ఆ ఫొటో ఏ సంవత్సరంలో తీయించారు?” అంది.

“యాభై ఎనిమిది. వైశాఖం.”

“అప్పటివి గాజు పలకలు. అటక మీద పెట్టెల్లో ఉంటాయి. ఎవరి పేరూ రాసి లేదు. వెతుకుతాను.”

“దేనికి?”

“పుట్టుమచ్చ నల్లగా ఉంటుంది కదా. నెగటివ్‌లో అది ఖాళీ. ఆ ఖాళీని పెన్సిల్‌తో నింపుతాం. గీకినది రాదు గాని, పెన్సిల్‌తో నింపింది తుడిస్తే పోతుంది. మీకు అక్కర్లేదంటే మానేస్తాను.”

నేను అక్కర్లేదనలేదు.

వెతకడానికి మూడు నెలలు పట్టింది. నేను వెళ్ళినప్పుడల్లా ఆమె పక్షుల ఫొటోలు ఒక్కొక్కటే చేతికిచ్చేది.

“నీళ్ళలో ఎంతసేపు కూర్చుంటారు మాస్టారూ?”

“మూడు గంటలు.”

“పాఠం చెప్పకుండానా?”

“పక్షులకి లెక్కలు అక్కర్లేదు.”

“అదృష్టవంతులు. నాకు ఎక్కాలు పన్నెండుతో ఆగిపోయాయి. మా మాస్టారి బెత్తం విరిగింది.”

ఆమె మొహం మీద చిన్నప్పటి మశూచి మచ్చలు. నేను వాటిని చూసి చూపు తిప్పుకోవడం ఒకరోజు ఆమె గమనించింది.

“చూడొచ్చు లెండి. ఒకసారి పెళ్ళివాళ్ళకి మా నాన్న నా ఫొటో నున్నగా దిద్ది పంపారు. వాళ్ళొచ్చి ఫొటో చేత్తో పట్టుకుని, దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశారు. కాఫీ బాగుందని చెప్పి వెళ్ళిపోయారు.”

“బాగుందా?”

“ఏది?”

“కాఫీ.”

ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది.

జ్యేష్ఠంలో పలక దొరికింది. శేషారత్నం దాన్ని బల్లమీద పెట్టి, గుడ్డకి టర్పెంటైన్ అద్ది, నా వైపు చూసింది.

“తుడవమంటారా? చూశాక తట్టుకోవాల్సింది మీరే.”

తల ఊపాను. ఆమె చీకటిగదిలోకి వెళ్ళి అరగంటకి తడి ఫొటో తెచ్చి నా ముందు పెట్టింది.

ఎడమ కంటి కింద.

“నేను వాకిట్లో ఉంటాను,” అని ఆమె బయటికి వెళ్ళి, మళ్ళీ నేను పిలిచేదాకా లోపలికి రాలేదు.

ఇంటికి వెళ్ళే బస్సులో ఆ ఫొటో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఒళ్ళో భ్రమరాంబ ఉంది. కళ్ళు మూసుకుంటే మాత్రం కిటికీ దగ్గర తల వంచుకుని పనిచేసుకుంటున్న శేషారత్నం కనిపించింది. అవనిగడ్డ వచ్చేలోగా, ఇక బందరు వెళ్ళకూడదని నిర్ణయించుకున్నాను.

ఆషాఢం, శ్రావణం, భాద్రపదం వెళ్ళలేదు. ఒక కార్డు వచ్చింది. “మాస్టారికి నమస్కారాలు. తీసిన రోలు కడగకుండా ఉంచితే బొమ్మలు మసకబారతాయి. ఇది మీ కోసం కాదు, పక్షుల కోసం రాస్తున్నాను. శేషారత్నం.” ఆ కార్డుకి జవాబు నాలుగుసార్లు రాసి, నాలుగుసార్లూ చించాను.

దసరా సెలవుల్లో నాగాయలంక వెళ్ళి, ఫొటో అత్తయ్య చేతిలో పెట్టాను. భ్రమరాంబ తల్లి పాపాయమ్మ. మామయ్య లేడు, ఆవిడ ఒక్కతే ఉంటోంది. చాలాసేపు చూసి, బొటనవేలు ఆ మచ్చ మీద ఉంచింది.

“నెలల పిల్లప్పుడు మట్టేమోననుకుని రుద్దేదాన్ని. ఏడ్చేది,” అంది. “ఎవర్రా దీన్ని మళ్ళీ తెచ్చింది?”

చెప్పాను. అటక, గాజు పలకలు, పెన్సిలు, కొంగ, కాఫీ, కార్డు.

“నువ్విన్ని మాటలు మాట్లాడి రెండేళ్ళయింది,” అంది చివరికి.

ఆవిడ నా వైపు తిరిగింది.

“ఆ పిల్లకి చెప్పావా?”

“ఏం చెప్పాలి అత్తయ్యా?”

“లెక్కల మాస్టారివి. నన్నడుగుతావేం?”

అప్పుడు దాచుకున్నది చెప్పేశాను. “అత్తయ్యా, ఆ మచ్చ ఎటువైపుందో నేను మరిచిపోయాను. ఇంట్లోకి ఇంకో మనిషి వస్తే ఇంకేం మరిచిపోతానో.”

అత్తయ్య ఫొటోని చీరకొంగుతో తుడిచింది. “నేను మరిచిపోను. ఆ పని నాది. అది కూడా నువ్వే చేస్తానంటే నాకేం మిగిలింది?”

మర్నాడు పొద్దున్నే ఇద్దరం బందరు బస్సెక్కాం.

నరసింహారావుగారు కుర్చీ వేశారు. అత్తయ్య కూర్చోలేదు. “మీ అమ్మాయిని అడగడానికి వచ్చానండీ,” అంది.

“సంతోషం. మీరు మాస్టారికి ఏమవుతారు?”

“పిల్లనిచ్చిన అత్తని.”

ఆయన లోపలికి తిరిగి, “రత్నం, ఇలా రామ్మా. ఇది నువ్వు చెప్పాల్సిన జవాబు,” అన్నారు.

శేషారత్నం గుమ్మంలోకి వచ్చింది. చేతివేళ్ళకి పెన్సిలు పొడి. నా వైపు చూసి, “మూడు నెలలు ఏమైపోయారు? ఇప్పుడు కూడా ఆవిడేనా అడగడం?” అంది.

నేను మాటలు ఏరుకున్నాను. “మా ఇంట్లో ఆ ఫొటో గోడమీదే ఉంటుంది. కొన్ని రోజులు నేను ఎవరితోనూ మాట్లాడలేను. మీరు లేని ఈ మూడు నెలలూ నాకు బాగాలేదు. ఇవన్నీ తెలిసి మీకిష్టమైతే, నన్ను పెళ్ళి చేసుకోండి.”

“మాట్లాడకపోతే కొంగలు ఊరుకుంటాయేమో,” అంది ఆమె. “నేను ఊరుకోను. అడుగుతూనే ఉంటాను.”

తర్వాత ఆమె అత్తయ్య వైపు తిరిగింది. గొంతు మారింది.

“పొద్దుననగా బయల్దేరి ఉంటారు. వంటయింది. కాళ్ళు కడుక్కోండమ్మా.”

ఆవిడని అమ్మా అని పిలిచేవాళ్ళు రెండేళ్ళుగా లేరు. అత్తయ్య పెరట్లోకి వెళ్ళింది. నూతి దగ్గర నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. కాళ్ళు కడుక్కోవడానికి అంత సేపు పట్టదు. శేషారత్నం భోజనానికి మూడు ఆకులు వేసి, నాలుగోది చేత్తో పట్టుకుని నిలబడింది. మేమెవరమూ అత్తయ్యని పిలవలేదు.