దేవగన్నేరుకు నీళ్ళు

రోజూలాగే ఆ పొద్దు కూడా ఈశ్వరమ్మ బిందె చంకనెత్తుకుని చేనికి బయలుదేరింది. కళ్యాణదుర్గం పక్కన ఆ పల్లెలో ట్యాంకరు వస్తేనే నీళ్ళు. అయినా సరే, తన స్నానం తగ్గించుకుని మరీ, చేన్లో ఉన్న భర్త వీరభద్రయ్య సమాధి తలాపున నాటిన దేవగన్నేరుకు ఒక బిందె పోసేదాకా ఆమె పచ్చి మంచినీళ్ళు ముట్టదు. ఆకులన్నీ రాలినా పూసే చెట్టది. చావులేని చెట్టని వాళ్ళ వంశంలో సమాధుల దగ్గర దాన్నే నాటుతారు.

గట్టెక్కి చూసింది. చెట్టు లేదు! మోకాలెత్తు మోడు మిగిలింది. పక్కనే కోడలు లక్ష్మీప్రసన్న, చేతిలో కొడవలి, ముంజేతుల నిండా చెట్టు పాలు.

చంకలో బిందె జారి కిందపడింది.

"ఎంత పని చేస్తివే! మీ మామను ఇంకోసారి చంపినావు కదే!"

"అట్లనొద్దత్తా. నిన్న సాయంత్రం దీపం పెట్టను వచ్చి చూసినా. మొదలు కుళ్ళిపోయుండాది."

"కుళ్ళేదేంది? దినామూ నీళ్ళు పోస్తాండా!"

కోడలు అత్త చెయ్యి పట్టుకుని మోడు మీద పెట్టింది. ఈశ్వరమ్మ బొటనవేలు బెరడులోకి మెత్తగా దిగిపోయింది. గుప్పున వాసన కొట్టింది.

"దీనికి వాన చాలత్తా. మొదలు నానితే చచ్చిపోతాది."

ఈశ్వరమ్మ నీళ్ళులేక పంటలెండడం పుట్టినప్పటినుంచీ చూసిన మనిషి. నీళ్ళెక్కువై చచ్చేది కూడా ఒకటుంటుందంటే ఎట్లా నమ్మేది? అంటే, తన చేతులతో తానే చంపుకుంది!

"ముందే నాతో చెప్పకూడదా?"

"చెబితే కొయ్యనిస్తావా? కుళ్ళు పైకెక్కేలోపల మంచి కొమ్మలు కోసినా. నీడన పెట్టి, పాలు ఆరినంక నాటితే మళ్ళా చిగురేస్తాయి. నీళ్ళు మాత్రం పోయొద్దు, నీకు దండం పెడతా."

కొమ్మలు బతుకుతాయని విన్నా ఈశ్వరమ్మ ముఖం తేటపడలేదు. సమాధి పక్కనే కూలబడింది.

"పోయకపోతే, పొద్దున్నే లేసి నేనేం చేసేదే?"

మామ పోయినప్పటినుంచి ఆ ఇంట్లో ఎవరూ ఈశ్వరమ్మను పొద్దెట్లా గడుస్తోందని అడిగిన పాపాన పోలేదు. లక్ష్మీప్రసన్న కొడవలి పడేసి అత్త పక్కన చతికిలబడింది.

"నన్ను లేపత్తా. వాకిట్లో కూర్చోని ఇద్దరం కాఫీ తాగుదాం. మామ ముచ్చట్లు చెబుదువు."

"ఎండ నడినెత్తికొచ్చినా లెయ్యవు, నువ్వా లేసేది!" అని నవ్వబోయింది ఈశ్వరమ్మ. నవ్వు రాలేదు. భర్తను మట్టిలో పెట్టిననాడు కూడా రాని ఏడుపు తన్నుకొచ్చింది. కోడలు దగ్గరికి తీసుకుంది. చీరకు చెట్టు పాల మరకలు అంటుతున్నా ఇద్దరూ పట్టించుకోలేదు.