నాలుగో అంతస్తు ఫ్యాన్

1984 జనవరి. డెట్రాయిట్ పక్కన ఒక పాత ఆసుపత్రిలో గాలి, వేడి అన్నీ కంప్యూటరే నడిపేలా ఏర్పాటు చేసే పని మా కంపెనీకి వచ్చింది. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక చిన్న అపార్ట్‌మెంట్‌లో ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. ఆదివారాలు కూడా ఆసుపత్రి బేస్‌మెంట్‌లోనే గడిపేవాణ్ణి. అక్కడ కనీసం మోటార్ల చప్పుడైనా ఉండేది.

రోగులున్న గదులకి ప్రభుత్వ నిబంధనల ప్రకారం గాలి అందాలి. ఖాళీ వార్డులకి అక్కర్లేదు, అక్కడ ఫ్యాన్లు ఆపేస్తే కరెంటు మిగులుతుంది. నాలుగో అంతస్తులో ఒక వార్డు మూసేసి చాలా నెలలైంది. ఆ ఆదివారం దాని ఫ్యాన్లన్నీ ఆపేశాను.

కాసేపటికి కంప్యూటర్ తెర మీద చూస్తే ఒక ఫ్యాన్ తిరుగుతోంది. ఆపాను. మళ్ళీ తిరిగింది. వైరింగులో ఏదో తేడా ఉందనుకుని పైకి బయల్దేరాను. బయట మంచు పడుతోంది. సాయంత్రమే అయినా చీకటి కమ్మేసింది.

తాళాలు మూడో అంతస్తు నర్సు నళినిగారి దగ్గరున్నాయి. ఏలూరు ఆవిడ. నాతో తెలుగు మాట్లాడే మనిషి అక్కడ ఆవిడొక్కరే. ఆపిన ఫ్యాన్ మళ్ళీ తిరుగుతోందని చెప్పాను.

"ఏ గదిది శ్యామ్‌సుందర్ గారూ?"

"చివరిదండీ. ఐసొలేషన్ రూమ్."

ఆవిడ తాళాలు చేతిలోనే ఉంచుకున్నారు.

"అందులో ఒక అమెరికన్ పెద్దావిడ ఉండేది. టీబీ. చూడ్డానికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. మేమూ మాస్కులు కట్టుకుని వెళ్ళి, వెంటనే వచ్చేసేవాళ్ళం. ఆ ఫ్యాన్ మాత్రం ఆపొద్దనేది. చప్పుడుంటే పక్కన ఎవరో ఉన్నట్టుంటుందిట."

"పోయారా?"

"ఒకసారి ఫ్యాన్ ఆగిపోయింది. బెల్ కూడా పని చెయ్యలేదు. మేం చూసేసరికి తలుపు దగ్గర నేలమీద ఉంది. పిలిచే ఉంటుంది పాపం..."

ఆవిడిచ్చిన తాళాలతో ఒక్కణ్ణే పైకెళ్ళి వార్డు తలుపు తీశాను. ఫినాయిల్ వాసన, దాని కింద ఇంకేదో తియ్యటి మందు వాసన. చివరి గది తలుపు మూసి ఉంది. లోపల, గదిలోని గాలిని భవనం బయటికి లాగేసే ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు. గాలి ఎటు పోతోందో చూడ్డానికి మేము చేసే పరీక్ష ఒకటుంది. టిష్యూ కాగితం చించి తలుపు కింద సందు దగ్గర పెట్టాను. కాగితం లోపలికి వంగింది. అంటురోగం గదిలోకి గాలి పోవాలే గాని, బయటికి రాకూడదు. సరిగ్గానే ఉంది.

తలుపు బయట గోడ మీద స్విచ్ ఆపాను. ఫ్యాన్ ఆగింది. కాగితం నేలకి వాలింది.

నిశ్శబ్దం.

కాగితం కదిలింది. మెల్లగా లోపలికి...

ఆగింది.

మెల్లగా బయటికి...

మళ్ళీ లోపలికి. మళ్ళీ బయటికి. వెచ్చటి గాలి నా వేళ్ళకి తగిలింది.

"ఎవరు?" అన్నాను.

కాగితం కదలడం మానేసింది. ఎవరో ఊపిరి బిగబట్టి వింటున్నట్టు. తర్వాత ఒక్కసారిగా సందులోంచి లోపలికి వెళ్ళిపోయింది.

నేలకి ఆనుకుని, తలుపుకి అవతల, గుసగుసగా ఒక మాట.

"ఆర్ యూ దేర్?"

పారిపోవాల్సింది. కానీ ఆ గొంతులో బెదిరింపు లేదు. ఎన్నాళ్ళుగానో అదే అడుగుతున్న అలసట ఉంది. నా నోటివెంట ఎలా వచ్చిందో తెలీదు.

"యెస్," అన్నాను.

లేచి స్విచ్ వేశాను. ఫ్యాన్ తిరగలేదు. ఆపి మళ్ళీ వేశాను. తిరగలేదు. తలుపు కింద సందులోంచి ఆ వెచ్చటి గాలీ రావట్లేదు.

తాళాలు నళినిగారి బల్ల మీద పెట్టి, ఆవిడ పిలుస్తున్నా ఆగకుండా కిందికి దిగిపోయాను.

పార్కింగ్‌లో నా కారు మంచుతో కప్పబడిపోయి ఉంది. పొద్దున్నించీ దాని తలుపు ఎవరూ తియ్యలేదు. మంచు దులిపి, స్టీరింగ్ ముందు కూర్చున్నాను. నా పక్క సీటు వైపు అద్దానికి ఆవిరి పట్టి ఉంది. లోపలి వైపు. చెయ్యి చాపి స్లీవుతో తుడిచేశాను.

మనిషి మొహం ఎత్తులో, గుండ్రంగా, మళ్ళీ ఆవిరి పట్టింది. మెల్లగా తగ్గింది...

మళ్ళీ పట్టింది.