తోడుదీపం మంత్రం

పెట్టె ఉంది. అందులో కార్డులు లేవు.

ఆదివారం సాయంత్రం, ఐదున్నర. ప్రింటింగ్ ప్రెస్సు మీది అద్దె గది. ఖాళీ అట్టపెట్టెను బల్ల మీద పెట్టుకుని మేనల్లుడు తల పట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా అతని మేనత్త నిలబడి ఉంది. రిటైరైన సర్కిల్ ఇన్‌స్పెక్టర్. డిపార్ట్‌మెంట్‌లో అందరూ ఆవిణ్ణి జల్లెడమ్మ అనేవాళ్ళు, ఆవిడ ముందు తప్ప. మేనల్లుడు ఫోన్ చేస్తే మొదటి రింగుకే ఎత్తింది.

“ఏడుపు తర్వాత. ముందు ఏం పోయిందో చెప్పు.”

“మంత్రాలత్తా. అరవై మంత్రాలు.”

జల్లెడమ్మ సర్వీసులో గొలుసులు పోయాయి, స్కూటర్లు పోయాయి, ఒకసారి పోలీసు జీపే పోయింది. మంత్రాలు పోవడం మాత్రం ఇదే మొదలు. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది.

“నాకు అర్థమయ్యేలా చెప్పి చావు.”

చెప్పాడు. అది బల్ల చుట్టూ కూర్చుని కథ అల్లుకుంటూ ఆడే ఆట. ఒకడు కథ నడుపుతాడు. మిగతావాళ్ళు తలో పాత్ర. ఒకరు వీరుడు, ఒకరు దొంగ, ఒకరు మంత్రగత్తె. ఎవరి దెబ్బ తగిలిందో, ఎవరిది తప్పిందో పాచికలు తేలుస్తాయి. అందులోకి కొత్త మంత్రాలు సొంతంగా కల్పించి, కార్డుకొకటి రాయడం మేనల్లుడి పిచ్చి.

“కల్పించడం తేలికేనత్తా. తూకం కుదర్చడమే చచ్చేంత పని. మంత్రం మరీ బలంగా ఉంటే పక్కవాళ్ళకి ఆటలో పనుండదు. మరీ నీరసంగా ఉంటే ఎవరూ వాడరు. అందుకే ముగ్గుర్ని పోగేసి ప్రతి ఆదివారం ఆడించి చూశా. మూడేళ్ళు.”

“ఇప్పుడు కొంపేం మునిగింది?”

“రేపు పదింటికి కార్డులు కంపెనీకి ఇవ్వాలి. ఆట అచ్చేస్తామన్నారు. ఇవ్వకపోతే ఇంకొకడి ఆట వేసుకుంటారు.”

“కంప్యూటర్‌లో లేవా?”

“ఉన్నవన్నీ పాతవి. మార్పులన్నీ కార్డుల మీదే, పెన్సిల్‌తో.”

“తెలివి తెల్లారినట్టే ఉంది. చివరిసారి ఎప్పుడు చూశావు?”

“మధ్యాహ్నం రెండింటికి. ఒక మంత్రంలో చిన్న మార్పు చేసి పెట్టెలో పడేశా. మూడింటికి వాళ్ళొచ్చారు. పెట్టె మీద వేసే బొమ్మ ఎంచాం. ఐదింటికి వెళ్ళిపోయారు. అప్పుడు చూస్తే ఖాళీ.”

“ఇవాళ ఆట ఆడారా?”

“లేదు. ఆడటం కిందటి ఆదివారంతోనే అయిపోయింది.”

“గది వదిలి వెళ్ళావా?”

“టీ తేవడానికి వెళ్ళా. ఐదు నిమిషాలు.”

“ముగ్గుర్నీ వెనక్కి పిలు.”

అందరికంటే దూరం నుంచి రావలసిన మనిషి అందరికంటే ముందు వచ్చింది. ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే ఆవిడ. నలభై దాటి ఉంటాయి. ఈ గదిలో అందరికీ ఎక్స్‌రే అక్క. ఆమె వెనక పళ్ళ డాక్టరు వచ్చాడు. చివర్న మేనల్లుడి అక్కమొగుడు, ఇన్సూరెన్స్ ఏజెంటు, రొప్పుతూ మెట్లెక్కాడు.

“అత్తయ్యగారూ, ఇంటల్లుణ్ణి, నా మీదా అనుమానం?”

“అల్లుళ్ళని చాలామందినే లోపలేశాను. వీడు టీకి వెళ్ళినప్పుడు ఎక్కడున్నారు?”

“బాల్కనీలో ఫోన్ మాట్లాడుతున్నా. అయినా ఈ ఆట పూర్తయిందంటే నాకంటే సంతోషించేవాడు లేడు. మూడేళ్ళుగా ఆదివారం నిద్రకి నోచుకోలేదు. ఇవాళ హమ్మయ్య అని పైకే అన్నాను, అడగండి.”

జల్లెడమ్మ డాక్టరు వైపు తిరిగింది.

“మీరు?”

“చేతులు కడుక్కుంటున్నా. ఆటలో నేను దొంగనే. బయట పళ్ళు పీకడం వరకే.”

“కోపమేమైనా ఉందా వీడి మీద?”

“ఉంది. నా బాణం మంత్రాన్ని తూకం తూకం అంటూ నీరుగార్చేశాడు. దాంతో ఈగ కూడా చావదు. అంతమాత్రానికి దొంగతనం చేస్తానా?”

ఎక్స్‌రే అక్క హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“మీరెక్కడున్నారమ్మా?”

“ఇక్కడే, ఈ కుర్చీలోనే ఉన్నానండి.”

“ఇంట్లో ఎవరెవరుంటారు?”

“నేనే.”

“పని ఎలా ఉంటుంది?”

“ఊపిరి బిగబట్టండి, వదలండి. రోజంతా ఈ రెండు మాటలేనండి. ఎముక విరిగినవాళ్ళు వస్తారు, ఫిల్ము తీసుకుని పోతారు. నా దగ్గరికి ఊరికే ఎవరొస్తారు?”

“ఆటలో మీరేంటి?”

“మంత్రగత్తెని.” మొదటిసారి ఆమె గొంతు లేచింది. “తోడుదీపం వెలిగిస్తాను. దెబ్బలు తిన్నవాళ్ళు ఆ వెలుగులోకి వస్తే ప్రాణం పుంజుకుంటారు.”

జల్లెడమ్మ లేచి, ఆ ముగ్గుర్నీ బాల్కనీలోకి పంపి, మేనల్లుడి చెవిలో ఒక ప్రశ్న అడిగింది. అతను జవాబు చెప్పాడు. ఆవిడ వాళ్ళను మళ్ళీ లోపలికి పిలిచింది.

“నాకు ఈ ఆటేంటో తలకెక్కలేదు. ఒక్క పోరాటం ఆడి చూపించండి. కార్డుల్లేకపోతే ఏం, గుర్తున్నంత వరకు ఆడండి.”

మేనల్లుడు ఏడుపు గొంతుతోనే మొదలుపెట్టాడు. గుహ. చీకటి. రాతి భూతం విసిరిన బండ ముగ్గురికీ తగిలింది. వీరుడు పడిపోయాడు. దొంగ కుంటుతున్నాడు. మంత్రగత్తె తల పగిలింది.

డాక్టరు బాణం మంత్రం వేశాడు. అది తగిలినా భూతానికి చీమ కుట్టినట్టయినా లేదు. చూశారా అన్నట్టు అందరివైపూ చూశాడు.

ఎక్స్‌రే అక్క పాచికలు అందుకుంది. “తోడుదీపం వెలిగిస్తున్నా.” విసిరింది. పద్నాలుగు. “బావగారికి పద్నాలుగు ప్రాణం. డాక్టరు గారికి పద్నాలుగు.” పాచికలు పక్కన పెట్టేసింది.

“మీకో?” అంది జల్లెడమ్మ.

“నాకు రాదు కదండీ. వెలిగించినవాళ్ళకి రాదు.”

“అదేంటమ్మా,” అన్నాడు బావ, “కిందటి వారం నువ్వూ వేసుకున్నావుగా?”

కింద ప్రెస్సు మిషను ఆగిన చప్పుడు వినిపించింది.

“కిందటి వారం వచ్చేది,” అంది జల్లెడమ్మ. “ఇవాళ రెండింటికి వీడు కార్డు మీద ఆ లైను కొట్టేశాడు. వెలిగించినవాళ్ళకి రాదు అని పెన్సిల్‌తో రాశాడు. ఎవరికీ చెప్పలేదు. ఏ మంత్రం మార్చావని ఇందాక నేనడిగితే నాకు చెప్పాడు. అది తెలిసిన మూడో మనిషి కార్డు చదివిన మనిషే. ఇంకో సంగతి. మీ ఇల్లు ఊరికి ఆ చివర. ఫోన్ చేసిన పది నిమిషాల్లో వచ్చేశారు. మీరసలు ఇంటికి వెళ్ళలేదు.”

ఎక్స్‌రే అక్క హ్యాండ్‌బ్యాగు తెరిచి కార్డుల కట్ట తీసి బల్ల మీద పెట్టింది. దానికి రబ్బరు బ్యాండు కూడా జాగ్రత్తగా వేసి ఉంది.

“బస్టాప్‌లోనే కూర్చున్నానండి. రెండు బస్సులు వదిలేశాను. తిరిగిచ్చేద్దామంటే కాళ్ళు రాలేదు. ఇంటికి పోదామన్నా రాలేదు. కూర్చుని కార్డులన్నీ చదివాను.”

“నా మూడేళ్ళ పనక్కా.” మేనల్లుడు కట్టను గబుక్కున అందుకున్నాడు. “మీకేం అన్యాయం చేశాను?”

“ఏమీ చెయ్యలేదు బాబూ. కార్డులు లేకపోతే మళ్ళీ మొదట్నించీ తూకం చూడాలి కదా. మళ్ళీ ఆదివారాలు ఆడాలి కదా. అంతే అనుకున్నా. బావగారు హమ్మయ్య అన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది.”

“ఒక్క మాట అడిగితే సరిపోయేది కదా.”

“ఏమని అడగను? నాకోసం ఆడండి అనా?”

బావ గొంతు సవరించుకుని, పిల్లల్ని ట్యూషన్ నుంచి తేవాలంటూ లేచాడు. ఫోన్ చేస్తాలే అక్కా అన్నాడు డాక్టరు. ఆమె నంబరు అతని దగ్గర లేదు. అడగలేదు కూడా. చివరికి ఆమె కూడా క్షమించమని చెప్పి మెట్లు దిగింది.

మేనల్లుడు కార్డులు పెట్టెలో సర్దాడు. తోడుదీపం కార్డు మాత్రం చేతిలోనే ఉండిపోయింది.

“లెక్క ప్రకారం ఇదే రైటత్తా. వెలిగించినవాళ్ళకి కూడా వస్తే ఆ జట్టు ఓడిపోదు.”

“ఆటలో రైటేనేమో. దొంగిలించి పారిపోకుండా బస్టాప్‌లో కూర్చున్న మనిషిని నేను ఇవాళే చూశా.”

అతను కార్డును ఉన్నదున్నట్టే పెట్టెలో పెట్టి మూత వేశాడు. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఆమె కింద రోడ్డు దాటబోతోంది.

“అక్కా. వచ్చే ఆదివారం రండి.”

ఆమె తలెత్తింది. “ఆట అయిపోయిందిగా బాబూ. ఇంకేం పని?”

“పనేం లేదు. ఊరికే రండి.”

ఆమె రోడ్డు దాటలేదు. బ్యాగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

“ఊరికేనా?”

“ఊరికే.”

లోపల జల్లెడమ్మ చెప్పులు వేసుకుంటూ ఆగింది.

“నాలుగింటికని చెప్పరా,” అంది. “నాకూ ఆదివారాలు ఏం పని లేదు.”