లైబ్రరీ మేడమ్ పల్స్

ఉదయం ఏడింటికి లైబ్రరీ మేడమ్ పల్స్ వచ్చింది. డెబ్బై నాలుగు.

స్క్రీన్ చూసిన నర్సు ఆ పేరు మళ్ళీ చదివింది. ఊరి లైబ్రరీ చూసుకునే ఆ మేడమ్ గుండె జబ్బుతో పోయి అప్పటికి పంతొమ్మిది రోజులు.

ఆ క్లినిక్‌లో గుండె జబ్బువాళ్ళందరి ఫోన్లలోనూ ఒక యాప్ ఉండేది. చేతికి కట్టుకున్న బ్యాండ్ నుంచి పల్స్, ఒంట్లో ఎలా ఉందో వాళ్ళు రాసే రెండు ముక్కలు రోజూ నర్సుకు చేరేవి.

"ఏదో పాత రీడింగ్ అయ్యుంటుందిలే," అన్నాడు డాక్టరు.

మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. నాలుగో రోజు నూట నలభై, అదీ లయ తప్పి. దాని కింద ఒకే మాట: "ఒకసారి ఇంటికి రామ్మా."

మేడమ్ ఎప్పుడూ అలాగే పిలిచేది.

ఆ మధ్యాహ్నం జోరువానలో నర్సు ఆ ఇంటికి వెళ్ళింది. తలుపు తీసిన యువకుడి చేతులనిండా జిగురు. వెనక గదిలో అట్టలూడిన పుస్తకాల గుట్టలు. మేడమ్ కొడుకు బైండింగ్ పని చేస్తాడని ఆమె విన్నదే.

"పోయినావిడ పేరుతో నన్ను హడలగొడుతున్నది మీరేనా?"

"నేనా? అసలు మీరెవరో తెలీదు. తడిసిపోతున్నారు, లోపలికొచ్చి తిట్టండి."

అతని మణికట్టుకు మేడమ్ బ్యాండ్ ఉంది. నర్సు చూపు అక్కడే ఆగిపోయింది.

అతను తల దించుకున్నాడు. "అమ్మ ఫోన్ రోజూ పొద్దున్నే 'మాత్ర వేసుకున్నారా?' అని అడుగుతుందండీ. అమ్మని అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారనిపించి, ఛార్జింగ్ తీయలేకపోయాను. నాలుగు రోజుల కిందట ఈ బ్యాండూ కట్టుకున్నాను."

"మరి నన్ను రమ్మని రాసిందెవరు?"

"రాయడమేంటి? ఆ ఫోన్ లాక్ నాకు తెలీదు."

అలమారలో ఉన్న ఫోన్‌ను నర్సు వంగి చూసింది. గాజు మీద పలచగా దుమ్ము. ఒక్క వేలిముద్ర లేదు.

చూస్తుండగానే తెర దానంతటదే వెలిగింది. నూట యాభై రెండు.

ఆమె అతని చెయ్యి పట్టుకుని నాడి చూసింది. "ఇది మీ గుండె. ఆయాసం వస్తోందా?"

"మెట్లెక్కితే వస్తోంది. అమ్మ మీద బెంగ అనుకున్నాను."

"చెప్పులేసుకోండి."

"జిగురు ఆరిపోతుందండీ..."

"మీరు ఆరిపోతారు. పదండి!"

తల్లి జబ్బే కొడుక్కీ వచ్చింది. ఇంకో వారం ఆగితే దక్కేవాడు కాదన్నాడు డాక్టరు. గుండె లయ కాపాడే చిన్న యంత్రం అమర్చారు. ఆ కబురు రాసిందెవరో మాత్రం యాప్ చేసినవాళ్ళకూ అంతుచిక్కలేదు.

తర్వాత అతని పేరుతో యాప్ మొదలైంది.

"ఆయాసం లేదు. నిన్న మీరు ఫోన్ చెయ్యలేదన్న దిగులుంది."

"ఇక్కడ జబ్బు సంగతులే రాయాలి."

"ఇదీ జబ్బేనండీ."

ఆరు నెలలకు, చెకప్ అయ్యాక, అతను కుర్చీలోంచి లేవలేదు.

"మిమ్మల్ని ఒకటి అడగాలని ఉంది. ఇలాంటి గుండె పెట్టుకుని అడగొచ్చో లేదో తెలీదు."

నర్సు ఫైలు మూసింది. "మా అమ్మకి నిన్ననే చెప్పేశాను."

"నేను అడక్కుండానేనా? ఏమన్నారు?"

"'గుండె జబ్బువాడా?' అంది. అవునన్నాను. 'మాత్రలు టైముకి వేసుకుంటాడా?' అంది. వేసుకుంటాడన్నాను. 'అయితే మీ నాన్నకన్నా నయమే. ఆదివారం భోజనానికి తీసుకురా' అంది."