రెండో ముక్క

"బుట్టలు దించకండమ్మా... అన్నీ వెనక్కి పట్టుకుపొండి!"

క్యాంటీను వంటమేస్త్రి గుమ్మంలోనే ఆ మాట అనేసరికి కోడలు దించబోయిన బుట్టను మళ్ళీ పైకెత్తుకుంది. తెల్లవారగానే కోసి, తడిగుడ్డ కప్పి, పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు తెచ్చిన పుట్టగొడుగులు అవి! రెండేళ్ళుగా ఒక్కటంటే ఒక్కటి పక్కన పెట్టని మనిషి, ఇవాళ బుట్టలోకి తొంగి కూడా చూడలేదు.

"ఏమైందన్నా? వాడిపోయాయా?"

"వాడిపోతే వండుకుంటాంగానీ, విషమంటే ఏం చేస్తామమ్మా! నా మాట కాదు, చెప్పిందెవరో మీరే వినండి" అంటూ ఫోను ఆమె చెవి దగ్గర పెట్టాడు.

"పిల్లలకి అస్సలు పెట్టకండి! ఒక్క ముద్ద తిన్నా వాంతులే. సంచితో సహా గోతిలో పూడ్చేయండి. ముట్టుకున్న చెయ్యి సబ్బుతో కడుక్కోండి..."

అయ్యో... అది ఆమె గొంతే!

ఆ గొంతును నమ్మే కదా అరవై ఇళ్ళవాళ్ళు పుట్టగొడుగులు పెంచుతున్నది! శిక్షణలో ఆఫీసరమ్మ, పుట్టగొడుగుల విత్తనం చల్లే ముందు గడ్డిని డ్రమ్ములో ఉడకబెట్టాలని చెప్పింది. అంత కట్టెలు ఎక్కడివి? కోడలు ఆలోచించి ఆలోచించి, పాత దిండు గలీబుల్లో గడ్డి కుక్కి, సున్నపు నీళ్ళలో నానబెట్టి చూసింది. "దిండ్లకి స్నానాలా?" అని ఆఫీసరమ్మ పకపకా నవ్వింది. కానీ ఆ గడ్డి నింపిన సంచుల మీద మూడు వారాలకి గదినిండా తెల్లటి గుత్తులు విరగబూశాయి! ఆ సంగతి ఆడపడుచు చంటికి చెప్పింది. చంటి తన తోడికోడలికి చెప్పింది. ఆవిడ పిన్నికి, ఆ పిన్ని పక్కింటావిడకి... చివరికి అందరూ కలిసి ఫోనులో ఒక గ్రూపు పెట్టుకున్నారు. ఏ సందేహం వచ్చినా కోడలే గొంతు రికార్డు చేసి పంపేది. చదవడం రాని వాళ్ళు కూడా చెవి ఒగ్గి వినేవారు.

నిన్న పొద్దున చంటి గ్రూపులో కాకుండా, కోడలికి మాత్రమే విడిగా ఒక ఫోటో పంపింది. మూలనున్న సంచి ఒకటి నల్లగా, జిగటగా కుళ్ళిపోయింది. "చంటీ, మీ ఇంట్లో అందరికీ చెప్పు, మిగతావన్నీ బంగారంలా ఉన్నాయి. ఆ కుళ్ళిన ఒక్క సంచిలోవి మాత్రం..." అని కోడలు చెబుతుండగానే పొయ్యి మీద పాలు పొంగాయి! రికార్డు బటను మీంచి వేలు తీసేసి పరుగెత్తింది, చెప్పినంతవరకే మొదటి ముక్కగా వెళ్ళిపోయింది. పాలు దించి వచ్చి, మిగతాది రెండో ముక్కగా పంపింది. ఇప్పుడు ఊరేగుతున్నది ఆ రెండో ముక్కే... తల లేని మొండెంలా!

బుట్టలతో ఆమె ఇంటికి చేరేసరికి కండక్టరు ఉద్యోగం చేసే భర్త డ్యూటీ మానుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. వసారాలో అత్తగారు. ముప్పై ఏళ్ళు ఇంటింటికీ తిరిగి పసిపిల్లలకు టీకాలు వేసిన మనిషి. చుట్టుపక్కల అందరికీ ఆవిడ 'టీకాలమ్మ'. బిడ్డకు జ్వరమొస్తే డాక్టరు కన్నా ముందు ఆవిడ గుమ్మమే తొక్కుతారు.

"నీ నోటితో నువ్వే అన్నావటగదే! అరవై ఇళ్ళలో సంచులు గోతుల పాలయ్యాయట! మాట అంటే ఏమనుకున్నావు? టీకాల రోజుల్లో ఒక్క పిచ్చిమాట పుట్టిందంటే, దాన్ని కడగడానికి నాకు ఆర్నెల్లు చెప్పులరిగేవి!" అంది టీకాలమ్మ.

"సగం మాటే తిరుగుతోంది అత్తయ్యా! నేనన్నది ఒక్క కుళ్ళిన సంచి గురించి..."

"మరి ఆ సంగతి గ్రూపులో చెప్పవేం?"

"దారిలోనే చెప్పాను. 'గిరాకీ పోయేసరికి మాట మారుస్తోంది' అంటున్నారు. ఈ మాటను ఎవరూ ఇంకొకరికి పంపడం లేదు అత్తయ్యా..."

భర్త చెయ్యి చాచాడు. "ఫోను ఇలా ఇవ్వు. ఎవరికి పంపావో చూద్దాం. రెండు ముక్కలూ వాళ్ళ చేతే వినిపిద్దాం."

ఎంత తేలికైన దారి! ఆమె ఫోను ఇవ్వబోతుండగానే అది మోగింది. చంటి! గబగబా పుట్టగొడుగుల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

"వదినా... నీ కాళ్ళు పట్టుకుంటాను, నా పేరు చెప్పకు! అందరికీ పనికొస్తుందని నేనే గ్రూపులో పెట్టాను. మా అత్తగారు నెత్తిమీద నిలబడి అరుస్తుంటే కంగారులో కింది ముక్కే నొక్కాను. తప్పు తెలిసి తుడిపేశాను, కానీ నీ గొంతు వినగానే, పెట్టిందెవరో కూడా చూడకుండా అప్పటికే పదిమంది పట్టుకుపోయారు! మా ఆడపడుచు నలభై సంచులు పూడ్చిపెట్టింది వదినా! ఇప్పటికే ఈ ఇంట్లో నన్ను బుర్రలేనిది అంటారు. ఇది తెలిస్తే నన్ను గుమ్మం దాటిస్తారు. ఆయన కూడా వాళ్ళమ్మ మాటే... వదినా, వింటున్నావా?"

కోడలు వింటూనే ఉంది. నాలుగు గోడలూ దగ్గరకు జరిగినట్టనిపించింది. నిజం చెబితే చంటి బతుకు కూలిపోతుంది. చెప్పకపోతే రెండేళ్ళ కష్టం, తన మాటకున్న విలువ... రెండూ గోతిలో పడతాయి! బయట భర్త తలుపు కొడుతున్నాడు. "ఏమిటే ఆ గుసగుసలు? నా దగ్గర దాచేది ఏముంది నీకు?"

చంటిని పెళ్ళికూతురిని చేసిన రోజున, "మా పిల్లకి నోరు లేదు, నువ్వే కనిపెట్టుకోవాలి" అన్నది ఆ భర్తే! ఆమె కళ్ళు తుడుచుకుంది. చంటి ఫోటోనూ, రెండు ముక్కలనూ తన ఫోనులోంచి తుడిపేసింది. తలుపు తీసి ఫోను అతని చేతిలో పెట్టింది.

అతను వెతికాడు. ఏమీ లేదు. "తుడిపేశావా? అంటే తప్పు నీదేనన్నమాట!" అన్నాడు. ఆమె వాకిట్లోని బుట్టలు ఎత్తుకుని లోపలికి నడిచింది.

మర్నాడు పొద్దున్నే బుట్ట, చిన్న పొయ్యి సర్దుకుని బయలుదేరింది. ఇంటింటికీ వెళ్ళి, వాళ్ళ కళ్ళముందే వండుకుని తానే తినాలని! "ఒక్కదానివీ వెళ్ళి ఏ తంటా తెస్తావో, పద" అని టీకాలమ్మ చెప్పులు తొడుక్కుంది.

మొదటి ఇల్లు చంటి అత్తవారిదే. వియ్యపురాలు వీళ్ళను గడప దాటనివ్వలేదు.

"రండి వదినగారూ! మీ కోడలు మాకు నేర్పిందీ తనే, పూడ్చమన్నదీ తనే! మళ్ళీ ఇప్పుడు తినిపించడానికొచ్చిందా? నలభై సంచులు పూడ్చుకున్న మా అమ్మాయి నిన్నటినుంచి అన్నం ముట్టలేదు తెలుసా!"

కోడలు మెట్టు మీదే కూర్చుని పొయ్యి వెలిగించింది. వేయించిన పుట్టగొడుగులు ఒక్కొక్కటే నోట్లో పెట్టుకుంటోంది. కన్నీళ్ళతో కలిపి మింగుతోంది! వాకిలి చుట్టూ ఆడవాళ్ళు మూగారు. "విరుగుడు వేసుకొచ్చిందేమోనే!" అని ఒకావిడ అంటే మిగతావాళ్ళు కిసుక్కుమన్నారు.

తలుపు వెనక చంటి. మొహం పాలిపోయి ఉంది. ఒక్కసారిగా "అత్తయ్యా, అసలు..." అంటూ ముందుకొచ్చింది. కోడలు తల ఎత్తి, చంటి కళ్ళలోకి చూసి, 'వద్దు' అన్నట్టు కాస్తంత తల ఊపింది. అంతే!

ఆ తల ఊపడం ఎవరూ గమనించలేదు, టీకాలమ్మ తప్ప. ఆవిడ కూతురి మొహం చూసింది. కోడలి మొహం చూసింది. ముప్పై ఏళ్ళు తల్లుల మొహాలు చూసి బిడ్డల రోగం కనిపెట్టిన మనిషి! మోకాళ్ళ మీద చెయ్యి ఆన్చి మెల్లగా లేచింది.

"అసలు నేరస్థురాలిని నేను వదినగారూ!" అంది గట్టిగా. "మొన్న నేను చుట్టాలింట్లో ఉంటే, అక్కడి సంచుల గురించి నా కోడలు నాకు రెండు ముక్కలు పంపింది. కుళ్ళిన ఒక్క సంచినే పూడ్చమంది పాపం. నేను మొదటిది వినకుండానే రెండోది గ్రూపులో పడేసి, భయమేసి తుడిపేశాను. నా పరువు పోతుందని ఈ పిచ్చిది నిన్నటినుంచి నోరెత్తలేదు. ముసలిదాన్ని, ఏది నొక్కితే ఏది పోతుందో నాకేం తెలుసు!"

వియ్యపురాలు ఫక్కున నవ్వింది. "మీరా! ఊరందరికీ జాగ్రత్తలు చెప్పే టీకాలమ్మగారా!" వాకిలంతా నవ్వులు! ఎవరో ఫోను చాచారు. టీకాలమ్మ అదే మాట ఇంకోసారి, ముక్కలు కాకుండా, రికార్డు చేసింది. నిజానికి దొరకని రెక్కలు ఈ అబద్ధానికి దొరికాయి. సాయంత్రానికల్లా అరవై ఇళ్ళూ దాటి క్యాంటీను దాకా పోయింది!

తిరుగుదారిలో కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. "ఎందుకత్తయ్యా... మీ పేరు..."

"నోర్ముయ్! నా కూతురి కోసం నువ్వు మూసుకున్న నోరు, ఇక మన ముగ్గురం మూసుకోవాల్సిందే. నా కొడుక్కి కూడా చెప్పకు" అంది టీకాలమ్మ. చెప్పులీడ్చుకుంటూ ముందు నడిచింది. "తప్పు చేశానమ్మా, నిన్ను నిన్న అన్ని మాటలు అన్నాను" అంది చివరికి, రోడ్డు వైపు చూస్తూ.

గలీబులు మళ్ళీ నానాయి. భర్త తల దించుకుని వచ్చి గడ్డి కుక్కడానికి సాయం కూర్చున్నాడు. వంటమేస్త్రి తానే వచ్చి బుట్టలు ఎత్తుకెళ్ళాడు. అంతా పూర్వంలాగే ఉంది... అంతా కాదు.

ఒక ఉదయం పక్కవీధి అమ్మాయి జ్వరంతో ఉన్న బిడ్డను భుజాన వేసుకుని వచ్చింది. వసారాలో కూర్చున్న టీకాలమ్మ అలవాటుగా చేతులు చాచింది. ఆ అమ్మాయి ఆగకుండా ఆవిడను దాటి లోపలికి వచ్చింది.

"అక్కా, నువ్వు చెప్పు, ఏ మందు వెయ్యమంటావు? పెద్దావిడ ఏమనుకోవద్దుగానీ, ఆవిడ ఏది నొక్కబోయి ఏది నొక్కుతారో!" అని నవ్వింది.

"అది ఆవిడ కాదు!" అనే మాట కోడలి నాలుక చివరిదాకా వచ్చింది. వసారాలోంచి టీకాలమ్మ చూపు ఆమెను అక్కడే ఆపేసింది.

"ఏమిటే అలా నిలబడ్డావు? పిల్ల ఒళ్ళు కాలుతుంటే!" అంది టీకాలమ్మ. చాచిన చేతులను మెల్లగా ఒళ్ళోకి లాక్కుంది. "చెయ్యిపెట్టి చూడు. తడిగుడ్డ వెయ్యి. అడుగుతోంది కదా... చెప్పు."

కోడలు బిడ్డను అందుకుంది. ఏం చెయ్యాలో అత్తగారి కళ్ళలోకి చూసి తెలుసుకుంటూ, ఆ మాటలన్నీ తనవే అయినట్టు, ఒక్కొక్కటే పైకి చెప్పసాగింది.