సింహాద్రి బేస్

తగరపువలసలో అమ్మోరి సంబరం. సాయంత్రం ఐదు దాటింది, ఎండ ఇంకా పూర్తిగా దిగలేదు. మైదానంలో స్టేజీ ముందు నాలుగు సబ్‌ఊఫర్లు, అంటే బేస్ మోత పుట్టించే పెద్ద స్పీకరు పెట్టెలు, వరసగా దించుకుని, నడుం మీద చేతులేసుకుని చూస్తున్నాడు సౌండ్ సిస్టమ్ అద్దెకిచ్చే వరహాలు. రెండు తనవి. రెండు సింహాద్రివి. సింహాద్రి పోయి ఏడు నెలలైంది.

"అన్నయ్యా, ఆయన పెట్టెలు కళ్ళ ముందుంటే నాకు ఏడుపాగట్నేదు. నువ్వే వాడుకో," అని సింహాద్రి పెళ్ళాం పుష్ప ఇచ్చేసింది. వరహాలు కాదనలేదు. ఎందుకంటాడు? ఇన్నేళ్ళూ వాటి మీదే కదా కన్ను!

నిజం చెప్పుకోవాలంటే వరహాలు బతుకంతా ఈ కుళ్ళే. మద్దిలపాలెం నుంచి పద్మనాభం దాకా ఏ పెళ్ళికెళ్ళినా ఒకటే మాట, సింహాద్రి బేస్, సింహాద్రి బేస్! వరహాలు కూడా లోపలే యాంప్లిఫయర్ ఉన్న పవర్డ్ సబ్‌లే కొన్నాడు. పద్దెనిమిది అంగుళాలవే కొన్నాడు. అయినా ఒక్కడూ వరహాలు బేస్ అన్న పాపాన పోలేదు. ఒళ్ళు మండిపోయేది. సింహాద్రేమో దాపరికం లేని మనిషి. "బావా, బేస్‌ని సెవుల్తో ఇంటే తెల్దు, కాళ్ళతో ఇనాల," అని చెప్పులు విడిచేసి, పెట్టె ముందు నేల మీద నిలబడి, దాని ఇనప జాలీకి అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకునేవాడు.

ఏడు నెలల కిందట, ఆరోజు పద్మనాభంలో పెళ్ళి. అప్పుడే వాన వెలిసింది. తడిసిన పెట్టెలోంచి గుయ్యిమని ఒకటే హమ్. "ఏటి బావా ఇది, కాసింత సూడవా," అన్నాడు సింహాద్రి. హమ్ వస్తే ప్లగ్గులో షాక్ కొట్టకుండా కాపాడే ఎర్త్ వైరు పీకేయడం ఈ లైన్లో చాలామంది చేసే పాడు పనే. వరహాలూ అదే చేశాడు. పచ్చ వైరు ముక్క కత్తిరించి జేబులో వేసుకున్నాడు. హమ్ ఆగింది. వాడు చెప్పులు విడుస్తాడని తెలుసు. నేల తడిగా ఉందని తెలుసు. చెప్పలేదు. జనం ముందు చిన్న షాక్ కొట్టి గెంతితే ఒకసారి కడుపారా నవ్వుకోవచ్చనుకున్నాడు.

సింహాద్రి గెంతలేదు. పెట్టెకి అతుక్కుపోయాడు.

వైరు ముక్కని భీమిలి దగ్గర సముద్రంలోకి విసిరేశాడు వరహాలు. ఆ ప్లగ్గుకి కొత్త ఎర్త్ తనే వేశాడు. ఎవరికీ అనుమానం రాలేదు.

"సూడు వరహాలూ," అంటూ వచ్చాడు సంబరం కమిటీ పెద్ద శ్రీరామ్మూర్తి. "ఈయేళ బేస్ అదిరిందంటే ఏడాదంతా మా ప్రోగ్రాములు నీవే. నేదంటే విజయనగరం వోల్లని పిలిపించుకుంటాం."

"సూస్తారు కదా," అన్నాడు వరహాలు. ఇవాళైనా తన పేరు చెప్పుకోవాలి.

వేరు వేరు కంపెనీల పెట్టెలు కలిపితే ఒక చిక్కుంది. ఒకటి గాలిని ముందుకి తోస్తున్నప్పుడు రెండోది వెనక్కి లాగిందంటే బేస్ అక్కడికక్కడే చచ్చిపోతుంది. అందుకే వెనకాల చిన్న స్విచ్ ఉంటుంది. అటూ ఇటూ వేసి, ఎటు గట్టిగా మోగితే అటు వదిలేయాలి. వరహాలు ముందు తన పెట్టెలు మోగించాడు. పర్వాలేదు. తర్వాత సింహాద్రివి. గుండె మీద గుద్దినట్టుంది. నాలుగూ కలిపి పెట్టాడు.

ఏమీ లేదు.

స్విచ్ మార్చాడు. ఏమీ లేదు. మళ్ళీ మార్చాడు. జాలీల వెనక స్పీకరు కోన్లు కొట్టుకుంటున్నాయి... చప్పుడు మాత్రం లేదు.

"సచ్చి కూడా నన్ను పైకి రానివ్వవేట్రా!" అని పళ్ళు నూరాడు. సింహాద్రి పెట్టెల ప్లగ్గులు పీకేసి, కరెంటు వైర్లు రెండూ ఊడదీసి, చుట్ట చుట్టి భుజాన వేసుకున్నాడు. తనవే చాలు. తన పేరు తనకే రావాలి.

చీకటి పడింది. ఆర్కెస్ట్రా మొదటి దెబ్బ కొట్టింది.

మైదానం మొత్తం కదిలింది! ఎప్పుడూ వినని బేస్. మెత్తగా లేచి అరికాళ్ళలోంచి పొట్టలోకి పాకింది. కుర్రకారు ఈలలేసి గంతులు మొదలెట్టారు. వరహాలుకి ఆనందంతో కళ్ళు చెమర్చాయి. శ్రీరామ్మూర్తి జనాన్ని తోసుకుంటూ వచ్చి చెవిలో అరిచాడు.

"ఓలమ్మో! అచ్చం సింహాద్రి బేసే!"

వరహాలు లోపల ఏదో భగ్గుమంది. "నాది! ఆడిది కాదు, నా పెట్టెలు!" అంటూ స్టేజీ ముందుకి పరిగెత్తి తన సబ్ మీద చెయ్యి పెట్టాడు.

చల్లగా ఉంది. అదరడం లేదు. రెండోదీ అంతే.

పక్కన సింహాద్రి పెట్టెల మీద నీలం లైట్లు వెలుగుతున్నాయి.

వైర్ల చుట్ట తన భుజం మీదే ఉంది.

పాట అయిపోయింది. చప్పట్లు. వాటి అడుగున... గుయ్యిమని హమ్. వానకి తడిసిన మట్టి వాసన, దాంతోపాటు కాలిన రబ్బరు వాసన. వారం నుంచి వాన లేదు. సబ్‌లోంచి మాట రాదు, బరువైన మోత తప్ప ఇంకేదీ రాదు, ఆ సంగతి వరహాలుకి బాగా తెలుసు. అయినా వచ్చింది. చాలా నెమ్మదిగా...

"బావా... ఎర్త్ ఏదీ?"

వెనక్కి వెళ్దామనుకున్నాడు. చెయ్యి రాలేదు. తన అరచెయ్యి సింహాద్రి పెట్టె జాలీ మీద ఉంది. ఎప్పుడు పెట్టాడు? కాళ్ళకింద తడి. చూసుకున్నాడు. ఉత్త కాళ్ళు.

స్టేజీ మీద డ్రమ్మరు తర్వాతి పాటకి కర్రలు తాటిస్తూ లెక్క మొదలెట్టాడు. ఒకటి... రెండు...

వరహాలు చెప్పులు పెట్టె పక్కనే శుభ్రంగా జతచేసి ఉన్నాయి. రెంటినీ కలిపి ఒక పచ్చ వైరు ముక్కతో కట్టేసి ఉంది. దాని కొసల్లోంచి ఉప్పునీళ్ళు కారుతున్నాయి.