మోత హద్దు

పసుపు రాసిన గడప మధ్యలో నల్లగా మెరిసే పలక మీద పైడితల్లి రెండు పాదాలూ ఆనించి నిలబడింది. ఊపిరి బిగబట్టనక్కరలేదని ఆ పలక, అదే గడపదర్పణం, ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ బిగబట్టడం మానలేదు. నాలుగు క్షణాల్లో ఆ పలక ఆవిడ ఒంట్లోని ఎముకల చిక్కదనం, కండ, కొవ్వు, అన్నీ చదివేసింది.

"శుభోదయం, పైడితల్లి గారూ. ఎముకలు నిన్నటిలాగే ఉన్నాయి. మీరు ఎత్తదగ్గ బరువు, అంటే నేటి మోత హద్దు, రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు."

"ఒలే హిమజా, గుంట బరువెంతే?" అని లోపలికి కేకేసింది పైడితల్లి.

"రెండు కిలోల తొమ్మిది వందలు, అమ్మమ్మా," అంది హిమజ, పక్కలో ఉన్న పదకొండు రోజుల కూతుర్ని చూసుకుంటూ.

పైడితల్లి గడప మీదే నిలబడిపోయింది. పెరట్లో నీళ్ళు కాగుతున్నాయి. నువ్వుల నూనె గోరువెచ్చగా గిన్నెలో ఉంది. సాంబ్రాణికి నిప్పులు రాజుకున్నాయి. పుట్టిన నాడు పిల్ల రెండు కిలోల ఏడు వందలే. ఆ రోజే ఎత్తుకుని ఉంటే సరిపోయేది. కానీ పురుటి మైల పోయేదాకా పెద్దవాళ్ళు పసిదాన్ని ముట్టుకోకూడదన్నది ఆ ఇంటి ఆచారం. "పదకొండో నాడు నానే పోస్తాను నీళ్ళు" అని ఆవిడ వీధంతా చెప్పుకుంది. ఆచారం నిలబడింది, పిల్ల బరువు నిలబడలేదు.

"వంద గ్రాములకేటవుతాదే?" అంది కూతురు వరాలు వైపు తిరిగి.

"కాపరి ఊరుకోదమ్మా," అంది వరాలు, తల్లి ముంజేతి పట్టీ వైపు చూపిస్తూ. "కాళ్ళ మీద పడుకోబెట్టినా మోతే అంటాది. హద్దు దాటితే ఇంటిల్లిపాదికీ ఏడాది పాటు నివారణ వైద్యం ఆపేస్తారు. గుంటకి టీకాలు కూడా ఉండవు."

అది నిజమే. నిజమే కాదు, మంచిదే అని కూడా ఊళ్ళో అందరూ ఒప్పుకుంటారు. విజయనగరంలో గత పన్నెండేళ్ళుగా తుంటి విరిగి మంచాన పడ్డ ముసలివాళ్ళు లేరు. అరవై దాటిన ప్రతి చేతికీ ఒక కాపరి, ప్రతి గడపకీ ఒక దర్పణం. ముసలాళ్ళు పడితే లేవరన్న మాట ఈ కాలం పిల్లలు విననే లేదు. ఇంత మేలు చేసిన యంత్రాన్ని తిట్టడానికి ఎవరికి నోరొస్తుంది?

పైడితల్లికైతే అసలు రాదు. ఆవిడ తల్లి స్నానాలగదిలో జారిపడి, తుంటి విరిగి, మూడు నెలలు మంచంలో కుళ్ళి పోయింది. అందుకే ఆవిడ గడపకి రోజూ పసుపు రాస్తుంది.

నలభై ఏళ్ళు ఆవిడ పని పసిపిల్లలకి నీళ్ళు పోయడమే. పీట మీద కూర్చుని, కాళ్ళు బారచాపి, పిల్లని ముంగాళ్ళ మీద పడుకోబెట్టి, నూనె పట్టించి, తల గుండ్రంగా ఒత్తి, ముక్కు సాగదీసి నీళ్ళు పోసిందంటే ఆ పిల్ల పొద్దు వాలేదాకా నిద్రపోవాల్సిందే. ఆ వీధిలో సగం ముక్కులు తను తీర్చినవేనని ఆవిడ గొప్ప. రెండేళ్ళ కిందట ఒక పొద్దున్న హద్దు ఉన్నట్టుండి సగానికి పడిపోయింది. వయసు మీద పడిందనుకుని పని మానేసింది.

హద్దు దానంతటది పడిపోలేదు. పడేసింది వరాలు. అప్పట్లో తల్లి పెరట్లో ఒకసారి తూలింది. పడలేదు, గోడ పట్టుకుని నిలదొక్కుకుంది. అయినా వరాలుకి భయం పట్టుకుంది. చిన్నప్పుడు అమ్మమ్మ మంచం పక్కన ముక్కు మూసుకుని కూర్చున్నది ఆమే మరి. ఇంటికి రక్షకురాలిగా నమోదైన మనిషికి జాగ్రత్త మెట్టు మార్చే హక్కుంది. దర్పణం ముందు నిలబడి "అధిక జాగ్రత్త" అంది, అంతే. అసలు హద్దులో సగమే ఆ రోజునుంచీ తల్లికి వినిపిస్తోంది.

ఈ పూట ఒక్క మాటతో దాన్ని వెనక్కి తిప్పొచ్చు. ఆ మాట వరాలు నాలిక దాకా వచ్చింది. తడినేల మీద తల్లి జారడం కళ్ళకి కట్టింది. మాట మింగేసింది.

"నువ్వు పక్కన కూచుని సెప్పమ్మా. హిమజ పోస్తాది," అంది.

హిమజ పోసింది. పిల్ల ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. పక్కన పీట మీద పైడితల్లి చేతులు గాల్లోనే తిరిగాయి. "మెడ కింద సెయ్యెట్టు... అలక్కాదే తల్లీ... ఒలమ్మో, నీళ్ళు ముక్కులోకి పోతున్నాయి!"

మర్నాటినుంచి ఆవిడ పంతం పట్టింది. పొద్దున్న రాగి అంబలి, మధ్యాహ్నం నువ్వుల చిమ్మిలి, సాయంత్రం ఎండలో నడక. "నా ఎముకలు పెరగాల, అది పెరగకూడదు," అని నవ్వేది. "ఒసే దొంగదానా, కాస్త ఆగే, నన్ను అందుకోనీ" అని ఉయ్యాల దగ్గర వంగి పిల్లతో పోట్లాడేది. నెల తిరిగేసరికి ఆవిడ హద్దు పది గ్రాములు పెరిగింది. పిల్ల కిలో పెరిగింది. ఆవిడ మాత్రం చిమ్మిలి మానలేదు. ప్రతి ఉదయం గడప మాట విని, పిల్ల బరువు అడిగి లోపలికి వెళ్ళేది.

ఆరో నెల నిండే ముందు ఒక మధ్యాహ్నం, పెరట్లో నీళ్ళ చప్పుడు విని వరాలు తొంగి చూసింది. తల్లి పీట మీద కాళ్ళు చాపుకుని ఉంది. ముంగాళ్ళ మీద పాత చీరముక్కలో చుట్టిన రాగుల మూట. ఆవిడ దానికి నూనె చెయ్యి రాస్తోంది. పైకొసని బొటనవేలితో మెల్లగా సాగదీస్తోంది. మూట తడవకుండా ఖాళీ చెంబు వంచి, పక్కన తొట్టిలో చేత్తో నీళ్ళు కదుపుతోంది.

"ఏటమ్మా ఇది?"

పైడితల్లి సిగ్గుపడింది. "సేతులు మర్సిపోతాయని. సరిగ్గా రెండూ ఎనిమిది వందలే తూసినాను, భయపడకు."

వరాలు వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తెల్లారగానే ఎవరూ లేవకముందే దర్పణం ముందు నిలబడి "సాధారణ జాగ్రత్త" అంది.

కాసేపటికి పైడితల్లి వచ్చి పాదాలు ఆనించింది, ఊపిరి బిగబట్టింది.

"నేటి మోత హద్దు ఐదు కిలోల ఏడు వందల గ్రాములు."

"మళ్ళీ సెప్పు!"

గడప మళ్ళీ చెప్పింది. పైడితల్లి గుమ్మం పట్టుకుని నవ్వింది. "హిమజా! గుంట బరువెంతే, బేగి సెప్పు!"

హిమజ పిల్లని ఎత్తుకునే వచ్చింది. "ఆరూ ఎనిమిది వందలు, అమ్మమ్మా."

నవ్వు మెల్లగా ఆగింది. రాత్రికి రాత్రి ఎముకలు రెండింతలు కావని ఆవిడకి తెలుసు. కూతురి వైపు తిరిగింది. వరాలు నేల చూస్తోంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"మొదటినుంచీ ఇంతేనా?" అంది పైడితల్లి.

వరాలు తలూపింది. "అమ్మమ్మ లాగా నువ్వు కూడా పడిపోతావని..."

"పదకొండో నాడు కూడా?"

"ఊఁ."

పైడితల్లి హిమజ చేతుల్లోని పిల్లని చూసింది. కిలో పైన కొంచెమే తేడా. కానీ పిల్ల ఇక తగ్గదు. కూతుర్ని తిట్టబోయి ఆగింది. తన తల్లి మంచం పక్కన, ఆ కంపులో, తొమ్మిదేళ్ళ వరాలు కూర్చోవడం ఆవిడా చూసింది.

"నాను పడనేదు కదే," అంది చివరికి. "నువ్వు కోరుకున్నదే అయినాది. ఏడవకు."

లోపలికి వెళ్ళి రాగుల మూట తెచ్చింది. ముడి విప్పి రాగులన్నీ చేటలో పోసింది. చీరముక్క మడత పెట్టి హిమజ చేతికిచ్చింది.

"మరబట్టించి జావ కాయండి. గుంటకి ఆరో నెల నిండిపోతోంది గదా."

పిల్లకి ఆ వారం పెట్టిన మొదటి జావ ఆ రాగులదే. హిమజ ఒళ్ళో కూర్చుని పిల్ల చప్పరిస్తుంటే, పైడితల్లి ఎదురుగా పీట మీద కాళ్ళు చాపుకుని చూసింది. చూస్తూ చూస్తూ, పక్కనున్న నూనె గిన్నెలో వేళ్ళు ముంచి, తన ఖాళీ ముంగాళ్ళకే రాసుకుంది.